నాలుగు చక్రాలూ తిరిగాయి, మరి కారు ఎందుకు ఆగలేదు?

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

మా పిన్ని కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఉండేది బఫెలోలో. న్యూయార్క్ అనగానే మనకి టైమ్స్ స్క్వేర్ గుర్తొస్తుంది కానీ, బఫెలో ఆ రాష్ట్రానికి అటు చివర, ఈరీ సరస్సు ఒడ్డున ఉంటుంది. చలికాలంలో ఆ సరస్సు మీదుగా వచ్చే గాలి తేమని మోసుకొచ్చి ఊరి మీద మంచుగా దింపేస్తుంది. పోయినేడాది వాడు సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు నాకు వీడియో కాల్ చేసి రెండు బళ్ళు చూపించాడు. ఒకటి మామూలు టూ వీల్ డ్రైవ్ సెడాన్. రెండోది ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ, కొంచెం పాతది, రేటు కొంచెం ఎక్కువ. నేనేమో పెద్ద తెలిసినవాడిలాగా, "ఒరేయ్, మంచులో ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే చాలురా, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాను. వాడు తీసుకున్నాడు.

డిసెంబర్‌లో ఒక రాత్రి లైబ్రరీ నుంచి రూమ్‌కి వస్తుంటే సిగ్నల్ పడింది. బ్రేక్ నొక్కాడు. కారు ఆగలేదు. మెల్లగా, తాపీగా, జారుకుంటూ కూడలి మొత్తం దాటి అవతల మంచు కుప్పలోకి వెళ్ళి దిగబడింది. ఆ టైమ్‌లో అడ్డంగా ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. వస్తే ఏమయ్యేదో నేను ఆలోచించదల్చుకోలేదు. మర్నాడు వాడు పంపిన వాయిస్ మెసేజ్‌లో ఒకటే ప్రశ్న: "అన్నా, నాలుగు చక్రాలూ తిరుగుతాయి కదా, మరి ఆగలేదేంటి?"

నేను జీవితంలో మంచులో బండి నడపలేదు. మన దగ్గర మంచు అంటే పొద్దున్నే పొలాల మీద పరుచుకునే పొగమంచు. లంబసింగి వెళ్ళి వణికొస్తేనే మనకి గొప్ప. అలాంటి నేను, ఎప్పుడో చూసిన నాలుగు యాడ్‌లు బుర్రలో పెట్టుకుని వాడికి సలహా ఇచ్చేశాను. అందుకే ఈసారి కూర్చుని ఆ ఫోర్ వీల్ డ్రైవ్ చరిత్ర మొత్తం చదివాను. చదివాక తెలిసింది ఏంటంటే, వాడి ప్రశ్నకి జవాబు నూట ఇరవై ఏళ్ళ కిందటే ఇంజనీర్లకి తెలుసు. మనదాకా రాలేదు, అంతే.

ముందు పేర్లు సర్దుకుందాం

టూ వీల్ డ్రైవ్ అంటే టూ వీలర్ కాదు. కారుకి ఉండేవి నాలుగు చక్రాలే. ఇంజిన్ బలం వాటిలో రెండింటికే వెళ్తే టూ వీల్ డ్రైవ్. ముందు రెండింటికి వెళ్తే ఫ్రంట్ వీల్ డ్రైవ్, వెనక రెండింటికి వెళ్తే రియర్ వీల్ డ్రైవ్. మిగతా రెండు చక్రాలు ఊరికే దొర్లుతుంటాయి. నాలుగింటికీ బలం వెళ్తే ఫోర్ వీల్ డ్రైవ్. అందులోనే అవసరమైనప్పుడు లివర్ వేసుకునేది ఒక రకం. మనం ఏమీ చేయకుండా బండే చూసుకునేది ఇంకో రకం. ఈ రెండో రకాన్నే ఆల్ వీల్ డ్రైవ్ అంటున్నారు.

ఇంకో మాట. ఎస్‌యూవీ అంటే ఫోర్ వీల్ డ్రైవ్ అని చాలామంది అనుకుంటారు. కాదు. మన రోడ్ల మీద కనిపించే ఎస్‌యూవీల్లో ఎక్కువ శాతం టూ వీల్ డ్రైవే. బండి ఎత్తు వేరు, డ్రైవ్ వేరు.

1903: మొదటి బండి, రెండు ఆలోచనలు

నెదర్లాండ్స్‌లో స్పైకర్ అన్నదమ్ములు ఇద్దరు ఉండేవాళ్ళు. గుర్రపు బళ్ళు తయారుచేసే పని నుంచి కార్లలోకి వచ్చారు. 1903లో వాళ్ళ కంపెనీ ఒక రేస్ కారు చేసింది, పేరు స్పైకర్ 60 హెచ్‌పీ. పెట్రోల్ కార్లలో నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందిన మొదటి బండిగా దాన్ని చెప్తారు. ఆ కారు ఇప్పటికీ ఉంది, ద హేగ్ నగరంలోని లౌమన్ మ్యూజియంలో పెట్టారు.

నన్ను ఆపేసిన విషయం అది కాదు. ఆ కారుకి నాలుగు చక్రాలకీ బ్రేకులు కూడా ఉన్నాయి. "అందులో గొప్పేముంది?" అనిపించొచ్చు. ఆ రోజుల్లో కార్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. ముందు చక్రాలకి బ్రేక్ వేస్తే బండి అదుపు తప్పుతుందని భయం. నాలుగు చక్రాల బ్రేకులు మామూలు కార్లకి రావడానికి 1920లు పట్టింది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కంపెనీ నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టి అమ్మడం పెద్ద వార్త.

అంటే మొదటి ఫోర్ వీల్ డ్రైవ్ కారు కట్టినవాళ్ళకే క్లియర్‌గా తెలుసు: బండిని కదిలించడం ఒక పని, ఆపడం ఇంకో పని, రెండూ విడివిడిగా చూసుకోవాలి. మా తమ్ముడు బఫెలోలో అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

బురద, యుద్ధం, జీపు

తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ పెరిగింది మంచులో కాదు, బురదలో. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఓటో జాకోవ్, విలియమ్ బెసర్‌డిక్ అనే ఇద్దరు 1908లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ కారు కట్టారు. అక్కడి నుంచి పుట్టిన ఎఫ్‌డబ్ల్యూడీ కంపెనీ లారీలు మొదటి ప్రపంచ యుద్ధంలో వేలకొద్దీ వెళ్ళాయి. అదే రాష్ట్రంలో 1913లో జెఫరీ కంపెనీ క్వాడ్ అనే లారీ తెచ్చింది. దానికి నాలుగు చక్రాలకీ డ్రైవ్, నాలుగింటికీ బ్రేకులు, పైగా నాలుగూ స్టీరింగ్‌తో తిరుగుతాయి. చూశారా, మళ్ళీ అదే. కదలడం, ఆగడం, తిరగడం, మూడూ పక్కపక్కనే పెట్టుకుని ఆలోచించారు.

ఆ తర్వాత జీపు. 1940లో అమెరికా సైన్యం చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని అడిగితే బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా ఇచ్చింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కలిసి యుద్ధం అయిపోయేలోపు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం అయ్యాక ఆ విల్లీస్ జీపే 1947 నుంచి మన దేశంలో మహీంద్రా వాళ్ళ చేతుల మీదుగా తయారైంది. మన ఊళ్ళలో పోలీసు జీపు, ఎన్నికల జీపు, పెళ్ళివారి జీపు, అన్నీ ఆ వంశమే.

కానీ జీపులో ఒక ఇబ్బంది ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ లివర్ వేస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి కట్టేసినట్టు అయిపోతాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు కొంచెం ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. కట్టేసి ఉంటే ఎలా తిరుగుతాయి? బురదలో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. గట్టి తారు రోడ్డు మీద అయితే బండి గింజుకుంటుంది, టైర్లు అరుగుతాయి. అందుకే రోడ్డెక్కగానే లివర్ తీసేయాలి. కొంచెం మంచు, కొంచెం పొడి తారు కలిసి ఉండే ఊరి రోడ్లకి ఇది కుదరదు. ఈ చిక్కు విడదీయడానికి ఇంకా పాతికేళ్ళు పట్టింది.

మరి అన్నేళ్ళూ మంచు దేశాలవాళ్ళు ఏం నడిపారు?

ఇది నేను అసలు ఊహించని భాగం. ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, ఏడాదిలో నెలల తరబడి మంచే. అక్కడి జనం దశాబ్దాల పాటు నడిపింది టూ వీల్ డ్రైవ్ కార్లే.

వాళ్ళు ముందు పట్టుకున్నది టైరుని. ఫిన్లాండ్‌లో నోకియా అని ఒక ఊరు ఉంది. అవును, ఆ నోకియానే. మన ఇళ్ళలో పాము గేమ్ ఆడుకున్న ఫోన్ పేరు ఆ ఊరిదే. అక్కడి రబ్బరు కంపెనీ 1934లో కెలిరెంగస్ అనే టైరు చేసింది. మంచు కోసమే తయారైన మొదటి టైరు అదే అంటారు. లారీలు మంచులో కూరుకుపోకుండా ఉండడానికి టైరు మీద అడ్డంగా లోతైన గాళ్ళు పెట్టారు. రెండేళ్ళకి, 1936లో కార్ల కోసం హక్కపెలిట్టా వచ్చింది. 1967లో ఆ రబ్బరు కంపెనీ, కేబుల్ కంపెనీ, పాత నోకియా కంపెనీ మూడూ కలిసి ఒకటే సంస్థ అయ్యాయి. ఆ సంస్థే తర్వాత మనకి ఫోన్లు అమ్మింది. టైర్ల వ్యాపారం 1988లో విడిపోయి ఇప్పటికీ నోకియన్ పేరుతో నడుస్తోంది.

రెండోది, బరువు ఎక్కడుంది అని చూసుకున్నారు. ఏ చక్రాలు తిరుగుతాయో వాటి మీద బరువు ఉంటే అవి నేలని గట్టిగా పట్టుకుంటాయి. ఫోక్స్‌వాగన్ బీటిల్‌కి ఇంజిన్ వెనక, డ్రైవ్ వెనక. 1960ల్లో అమెరికాలో బీటిల్‌కి ఒక పేరున్న యాడ్ వచ్చింది. మంచు తొలగించే బండి డ్రైవరు తెల్లారకముందే డ్యూటీకి ఎలా చేరుకుంటాడు, దేంట్లో వస్తాడు అన్నది దాని కాన్సెప్ట్. సమాధానం బీటిల్. అదీ టూ వీల్ డ్రైవే.

స్వీడన్ కంపెనీ సాబ్, బ్రిటన్ మినీ, ఈ రెండూ ఇంజిన్ ముందు పెట్టి ముందు చక్రాలకే డ్రైవ్ ఇచ్చాయి. మాంటే కార్లో ర్యాలీ అంటే చలికాలంలో ఆల్ప్స్ కొండల మీద జరిగే పోటీ. 1962, 1963లో దాన్ని సాబ్ 96తో ఎరిక్ కార్ల్‌సన్ గెలిచాడు. 1964లో ప్యాడీ హాప్‌కర్క్ మినీతో గెలిచాడు. 1965లో మంచు మరీ దారుణంగా పడితే టిమో మాకినెన్ మళ్ళీ మినీతోనే గెలిచాడు. చిన్న చిన్న టూ వీల్ డ్రైవ్ కార్లు, మంచి మంచు టైర్లు, తెలిసిన డ్రైవర్లు. అంతే సరంజామా.

ట్రాక్టర్ల ఆయన కల

మన ఊళ్ళలో ఎర్ర రంగు మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ చూసే ఉంటారు. ఆ ఫెర్గూసన్ అనే పేరు హ్యారీ ఫెర్గూసన్‌ది. ఐర్లాండ్‌లో పుట్టిన ఇంజనీరు. ట్రాక్టర్‌కి నాగలిని హైడ్రాలిక్స్‌తో తగిలించే పద్ధతి ఆయనదే. ముసలితనంలో ఆయనకి ఒకటే పట్టుదల: మామూలు రోడ్డు కారు జారకుండా ఉండాలి. దానికోసం ఒక కంపెనీ పెట్టి ఫోర్ వీల్ డ్రైవ్ మీద పని చేయించాడు. 1960లో చనిపోయాడు, ఫలితం చూడలేదు.

ఆయన పోయిన ఆరేళ్ళకి, 1966లో, బ్రిటన్‌లో జెన్‌సెన్ ఎఫ్ఎఫ్ అనే కారు వచ్చింది. ఎఫ్ఎఫ్ అంటే ఫెర్గూసన్ ఫార్ములా. జీపు చిక్కుని ఇది విడదీసింది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యలో ఒక డిఫరెన్షియల్ పెట్టి, రెండూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసింది. ఇక లివర్ గొడవ లేదు, పొడి రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలతో వెళ్ళొచ్చు.

ఇక్కడ కూడా అదే కథ. ఆ కారులో విమానాల కోసం డన్‌లాప్ కంపెనీ తయారుచేసిన మాక్సారెట్ అనే పరికరాన్ని బ్రేకులకి వాడారు. బ్రేక్ గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా ఆపేది. ఇప్పుడు మన పల్సర్, అపాచీ బళ్ళ మీద ఏబీఎస్ అని స్టిక్కర్ ఉంటుందే, దానికి తాత అనుకోండి. 1903 స్పైకర్‌లో డ్రైవ్‌తో పాటు బ్రేకులు. 1913 క్వాడ్‌లో డ్రైవ్‌తో పాటు బ్రేకులు. 1966 జెన్‌సెన్‌లో డ్రైవ్‌తో పాటు ఏబీఎస్ లాంటిది. సీరియస్‌గా పనిచేసిన ఇంజనీర్లు రెండింటినీ ఎప్పుడూ విడదీయలేదు. కానీ జెన్‌సెన్ బాగా ఖరీదైన కారు, మొత్తం 320 మాత్రమే తయారయ్యాయి.

కరెంటు వాళ్ళ అవసరం

సామాన్యుడి ఫోర్ వీల్ డ్రైవ్ కారు పుట్టింది జపాన్‌లో, అదీ కరెంటు లైన్ల కోసం. ఉత్తర జపాన్‌లో తొహొకు అనే ప్రాంతం ఉంది. కొండలు, విపరీతమైన మంచు. అక్కడి కరెంటు కంపెనీ ఉద్యోగులు చలికాలంలో లైన్లు చూసుకోవడానికి జీపు లాంటి బళ్ళలో తిరిగేవాళ్ళు. పని జరిగేది కానీ లోపల చలి, కుదుపులు. "మామూలు కారులాగా ఉండాలి, మంచులో మాత్రం జీపులాగా పోవాలి" అని సుబారు వాళ్ళని అడిగారు.

సుబారు కారు అప్పటికే ఫ్రంట్ వీల్ డ్రైవ్. ఇంజిన్, గేర్ బాక్సు నిలువుగా ఒకే వరసలో ఉండేవి. దాంతో గేర్ బాక్సు నుంచి వెనక్కి ఒక షాఫ్ట్ లాగడం తేలికైంది. 1971లో కొన్ని కార్లు మార్చి ఇచ్చారు. 1972లో సుబారు లియోన్ ఎస్టేట్ వ్యాన్‌ని ఫోర్ వీల్ డ్రైవ్‌తో అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు అమెరికాలో మంచు పడే ఏ ఊరికెళ్ళినా సుబారులు అన్ని కనిపించడానికి మూలం ఒక కరెంటు ఆఫీసు ఇచ్చిన ఆర్డరు.

ఇక్కడ ఒకటి గమనించండి. లైన్‌మ్యాన్‌కి ఏం కావాలి? ఎవరూ మంచు తీయని కొండ దారిలో స్తంభం దాకా చేరాలి. అంటే కదలాలి, ఎక్కాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బాగా చేసే పని అదే.

ఆడి చూపించిన మ్యాజిక్

ఫోర్ వీల్ డ్రైవ్‌కి స్టార్ ఇమేజ్ తెచ్చింది మాత్రం ఆడి. 1976-77 చలికాలంలో ఆడి ఇంజనీర్లు ఫిన్లాండ్ మంచులో కార్లు టెస్ట్ చేస్తున్నారు. వాళ్ళ వెంట సైన్యం కోసం తయారవుతున్న ఇల్టిస్ అనే ఫోక్స్‌వాగన్ జీపు ఉంది. బలం 75 హార్స్ పవర్ మాత్రమే. అయినా మంచులో తమకంటే బలమైన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లని అది వెనక్కి నెట్టేసింది. యోర్గ్ బెన్‌సింగర్ అనే ఇంజనీరు ఇది చూసి బాస్ ఫెర్డినాండ్ పియెక్‌ దగ్గరికి వెళ్ళాడు: ఇదే పద్ధతి వేగంగా వెళ్ళే రోడ్డు కారులో పెడితే?

1978 జనవరిలో ఆస్ట్రియాలోని టురాహర్ హోహె కనుమ మీద కంపెనీ పెద్దలకి డెమో ఇచ్చారు. అక్కడ వాలు 23 శాతం దాకా ఉంటుంది. గొలుసులు లేకుండా, మామూలు ఎండాకాలం టైర్లతోనే నమూనా కారు మంచులో కొండెక్కేసింది. పెద్దలు ఫ్లాట్. తర్వాత ఫోక్స్‌వాగన్ రీసెర్చ్ హెడ్ ఎర్న్‌స్ట్ ఫియాలా ఆ కారుని ఇంటికి తీసుకెళ్తే, ఆయన భార్య వియన్నాలో షాపింగ్‌కి తీసుకెళ్ళి వచ్చి, పార్కింగ్‌లో తిప్పుతుంటే కారు గెంతుతోందని చెప్పిందట. అదే జీపు చిక్కు! మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి. దాంతో డిఫరెన్షియల్‌ని ఇమిడ్చే తేలికైన పద్ధతి కనిపెట్టి 1980 మార్చిలో జెనీవా షోలో ఆడి క్వాట్రోని చూపించారు. 1981లో హాను మికోలా స్వీడిష్ ర్యాలీ గెలిచాడు. అదే ఏడాది సాన్‌రెమో ర్యాలీని మిషెల్ మూటన్ గెలిచింది. వరల్డ్ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒక రౌండ్ గెలిచిన మొదటి మహిళ ఆమె.

ఇక 1986లో వచ్చిన యాడ్. ఫిన్లాండ్‌లోని కైపోలా ఊళ్ళో స్కీ జంప్ ర్యాంపు. పై నుంచి కిందికి మనుషులు దూకేది. దాని మీద ఆడి కారు కింద నుంచి పైకి ఎక్కుతుంది. యూట్యూబ్‌లో చూడండి, ఇప్పటికీ గూస్‌బంప్స్ వస్తాయి. నా బుర్రలో ఉన్న నాలుగు యాడ్‌లలో ఇది మొదటిది. కానీ చూసేటప్పుడు రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఆ కారు టైర్లకి ప్రత్యేకంగా మేకులు కొట్టారు. రెండు, కెమెరా ఎక్కడం మాత్రమే చూపిస్తుంది. ఆ వాలు దిగి, కింద గీత దగ్గర ఆగమంటే? అది వేరే యాడ్. అది ఎవరూ తీయలేదు.

ఇక్కడే కథ రెండు ముక్కలైంది. ఇంజనీర్లు రెండు పనులు కలిపి ఆలోచించారు. మార్కెటింగ్ వాళ్ళు ఒక్కటే చూపించారు, ఎందుకంటే కొండెక్కే కారు వీడియోలో బాగుంటుంది. సిగ్నల్ దగ్గర మర్యాదగా ఆగిన కారుని ఎవరు చూస్తారు?

నాలుగు సిమ్‌ల లెక్క

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్న. మీ ఫోన్ భాషలోనే చెప్తాను. కారు నాలుగు టైర్లూ నాలుగు సిమ్‌లు అనుకోండి. ప్రతి సిమ్‌లో కొంత డేటా ఉంటుంది. ఆ డేటానే గ్రిప్. కదలాలన్నా, తిరగాలన్నా, ఆగాలన్నా అందులోంచే ఖర్చు. డేటా ఎంత వస్తుందో నిర్ణయించేది టైరు రబ్బరు, కింద ఉన్న రోడ్డు. ఇంజిన్ కాదు.

బయల్దేరేటప్పుడు టూ వీల్ డ్రైవ్ కారు రెండు సిమ్‌ల డేటానే వాడుతుంది. మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ నాలుగూ వాడుతుంది. అందుకే మంచులో అది ముందుకి దూకుతుంది, మిగతావి అక్కడే చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోతాయి. తేడా నిజం, పెద్దది కూడా.

మరి ఆగేటప్పుడు? 1920ల నుంచి మామూలు కార్లకి కూడా నాలుగు చక్రాలకీ బ్రేకులు ఉన్నాయి. అంటే ఏ కారైనా ఆగడానికి నాలుగు సిమ్‌లూ వాడుతోంది. ఫోర్ వీల్ డ్రైవ్ దగ్గర ఐదో సిమ్ లేదు. మెల్లగా దిగేటప్పుడు ఇంజిన్ పట్టు నాలుగు చక్రాలకి పంచుకోవడంలో కొంచెం సాయం ఉంటుంది. బ్రేక్ మీద కాలేశాక మాత్రం లాభం లేదు.

ఒక చిన్న లెక్క. ఆగే దూరం అంటే వేగం స్క్వేర్, కింద రెండు ఇంటూ గ్రిప్ ఇంటూ గ్రావిటీ. ఇంటర్ ఫిజిక్సే. ఇందులో బండి బరువు కొట్టుకుపోతుంది, డ్రైవ్ రకం అసలు లేదు. గంటకి 50 కిలోమీటర్ల వేగం తీసుకోండి. పొడి రోడ్డు మీద గ్రిప్ 0.8 అనుకుంటే దాదాపు 12 మీటర్లు. క్రికెట్ పిచ్‌లో సగం దాటి కొంచెం. గట్టిపడిన మంచు మీద 0.2 అయితే 49 మీటర్లు, రెండున్నర పిచ్‌లు. గడ్డకట్టిన ఐస్ మీద 0.1 అయితే 98 మీటర్లు, దగ్గర దగ్గర ఐదు పిచ్‌లు. మీరు బ్రేక్ మీద కాలు పెట్టేలోపు పోయే దూరం ఇందులో కలపలేదు.

అదే మంచు మీద మంచి వింటర్ టైర్లు వేసి గ్రిప్ 0.2 నుంచి 0.3కి పెరిగిందనుకోండి. 49 మీటర్లు కాస్తా 33 అవుతుంది. 16 మీటర్లు తగ్గింది. అంటే నాలుగు కార్ల పొడవు. మా తమ్ముడి కూడలి వెడల్పు దాదాపు అంతే.

మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే గట్టిపడడం మొదలవుతుంది. వింటర్ టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. దాని మీద కత్తితో గీసినట్టు సన్న గీతలు వందల కొద్దీ ఉంటాయి, అవి మంచుని కరిచి పట్టుకుంటాయి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటే అది మంచు పరీక్ష పాసైన టైరు.

వాడి కారు టైర్లు ఫోటో తీసి పంపమన్నాను. ఆ బొమ్మ లేదు. గాళ్ళు అరిగిపోయి ఉన్నాయి. కొనేటప్పుడు నేను మైలేజ్ అడిగాను, ఇంజిన్ సౌండ్ వినిపించమన్నాను, టైరు గురించి ఒక్క మాట అడగలేదు. ఇంకా ఘోరం ఏంటంటే, ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి వాడు బయల్దేరినప్పుడు కారు ఒక్కసారి కూడా జారలేదు. రోడ్డు ఎంత నున్నగా ఉందో వాడికి తెలియనేలేదు. టూ వీల్ డ్రైవ్ అయితే ఇంటి ముందే చక్రం గిర్రున తిరిగి "జాగ్రత్త" అని చెప్పేది.

మరి ఏది తీసుకోవాలి?

బఫెలో, షికాగో, డెట్రాయిట్, టొరంటో వైపు వెళ్తున్నవాళ్ళ కోసం సూటిగా చెప్తాను.

మీరుండేది చదునైన ఊరు, పొద్దున్నే మంచు తీసేస్తారు, బడ్జెట్ తక్కువ అంటే, మంచి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు తీసుకుని మిగిలిన డబ్బుతో నాలుగు వింటర్ టైర్లు కొనండి. నాలుగూ ఒకే రకం, రెండు వేసి ఊరుకోవద్దు. ఎండాకాలంలో అవి తీసి పక్కన పెడతారు కాబట్టి రెండు సెట్లూ ఎక్కువ కాలం వస్తాయి.

ఇల్లు కొండ మీద, ఎత్తు డ్రైవ్‌వే, తెల్లవారుజామున డ్యూటీ, మంచు తీయని పల్లె దారి అంటే ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి, దానికీ వింటర్ టైర్లు వేయండి. జపాన్ లైన్‌మ్యాన్ అవసరమే మీది. కాకపోతే పెట్రోల్ కొంచెం ఎక్కువ తాగుతుంది. ఒక టైరు పాడైతే మిగతావాటి అరుగుదలతో సరిపోలాలి కాబట్టి ఒక్కోసారి నాలుగూ మార్చాల్సి వస్తుంది.

ఫోర్ వీల్ డ్రైవ్, అరిగిన టైర్లు, ఈ కాంబినేషన్ మాత్రం వద్దు. అది నేను మా తమ్ముడికి ఇప్పించినది.

ఏబీఎస్, ఈఎస్‌సీ రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఏబీఎస్ 1978లో బాష్ కంపెనీ ద్వారా మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లోకి వచ్చింది. ఈఎస్‌సీ 1995లో మెర్సిడెస్‌లోనే మొదలైంది. కారు పక్కకి తిరిగిపోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి సరిచేస్తుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఈఎస్‌సీ తప్పనిసరి. అవి కూడా ఉన్న గ్రిప్‌నే తెలివిగా వాడతాయి, కొత్తగా పుట్టించవు.

ప్రభుత్వాలు ఎటువైపు మొగ్గాయో కూడా చూడండి. కెనడాలో క్యూబెక్ 2008లో చలికాలపు టైర్లని తప్పనిసరి చేసింది. జర్మనీ 2010లో మంచు రోడ్ల మీద వాటిని తప్పనిసరి చేసింది. అందరూ ఫోర్ వీల్ డ్రైవే కొనాలని ఈ రెండూ చట్టం చేయలేదు.

హైదరాబాద్ నుంచి మనాలి వెళ్ళేవాళ్ళకి కూడా ఇదే. 2020లో అటల్ టన్నెల్ తెరిచాక మంచు చూడడానికి మనవాళ్ళు సిస్సు దాకా వెళ్ళిపోతున్నారు. మంచు పడ్డ రోజు పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళనో, టైర్లకి గొలుసులు కట్టినవాటినో మాత్రమే పంపడం చూస్తుంటాం. వాళ్ళు పంపారు అంటే ఎక్కగలరు అని అర్థం. దిగడం మీ చేతిలో ఉంది. గేర్ తగ్గించుకుని, ముందు బండికి చాలా దూరం వదిలి దిగండి.

చివరగా ఒకటి. ఈ ఎపిసోడ్ రాసుకుంటుంటే మా నాన్న పక్కన కూర్చుని మొత్తం విన్నారు. విని, "దీనికింత చరిత్ర ఎందుకురా? దమ్ము చేసేటప్పుడు ఎవడైనా ట్రాక్టర్ మారుస్తాడా? చక్రాలు మారుస్తాడు" అన్నారు. నిజమే. వరి మడిలో దిగేముందు అదే టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కి ఇనప కేజీ వీల్స్ బిగిస్తారు, పని అయ్యాక తీసేస్తారు. నేల మారితే నేలని తాకేది మార్చాలి. ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివిన నాకంటే ముందే ఆ విషయం మా ఇంట్లో ఉంది.

మా తమ్ముడు జనవరిలో నాలుగు వింటర్ టైర్లు వేయించుకున్నాడు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో మెల్లగా వెళ్ళి బ్రేక్ నొక్కి, ఎంత దూరంలో ఆగుతుందో చూసుకుని వీడియో పంపాడు. ఆగింది. మీ ఇంట్లో, మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఈ శీతాకాలం మొదటిసారి మంచు చూడబోతుంటే, కారు ఫోటో కాదు, టైరు ఫోటో పంపమనండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.